మార్చిలో బడిపిల్లలతో పక్షులు చూసే నడక: శ్రీకాకుళం చుట్టుపక్కల ఎక్కడ, ఎలా?

వంశధార_బడి

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం టౌన్‌లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు 14 మంది, పెద్దవాళ్ళం ముగ్గురం. మార్చిలో నాలుగు ఆదివారాలు పక్షులు చూపించడానికి తీసుకెళ్ళాలని అనుకుంటున్నాం. ఒక్కో పూట మూడు గంటలకి మించకూడదు, ఒక్క ఆదివారం మాత్రం రోజంతా బయట ఉండొచ్చు. ఆ రోజుకి బస్సు మాట్లాడుకోగలం.

అడగాల్సినవి ఇవి. పక్షులు వచ్చి గూళ్ళు కట్టే తేలినీలాపురం, తేలుకుంచి ఊళ్ళు రెండూ ఒకే రోజు చూపించొచ్చా? టౌన్‌కి దగ్గర్లో నడిచి వెళ్ళేచోట ఏం దొరుకుతాయి? మా దగ్గర 10×50 బైనాక్యులర్ ఒకటి ఉంది, ఇంకోటి కొనాలి, ఏ సైజు తీసుకోవాలి? అన్నిటికంటే పెద్ద ఇబ్బంది: ఒకరు "అదిగో" అనేలోపు పిట్ట ఎగిరిపోతుంది, వెనక ఉన్న పదిమందికి కొమ్మ తప్ప ఏమీ కనపడదు. దీనికి పద్ధతి ఏమైనా ఉంటే వివరంగా చెప్పండి. సముద్రం వైపు కూడా ఒకసారి వెళ్ళాలని పిల్లల కోరిక.

నాగావళి_గట్టు

మాస్టారూ, మొదటి రెండు ఆదివారాలు ఊరు దాటకండి, నాగావళి చాలు. కంటితో పిట్టని పట్టుకోవడం, వేలితో కాకుండా మాటతో చూపించడం పిల్లలకి రాకముందే దూరం తీసుకెళ్తే బస్సు డబ్బులు దండగ.

ముందు టైము సంగతి. మనం బాగా తూర్పున ఉన్నాం, హైదరాబాద్ కంటే దాదాపు 20 నిమిషాలు ముందే తెల్లారుతుంది. మార్చి 20 ప్రాంతంలో ఇక్కడ పొద్దు పొడిచేది 6 గంటలకి అటూఇటూ, ఏప్రిల్ సగానికి 5:40. "ఏడింటికి బడి దగ్గర కలుద్దాం" అంటే మంచి వేళంతా పోయినట్టే. 5:50కి గట్టు మీద ఉండి 8:30కి ఇంటిముఖం పట్టండి. ఆ తర్వాత ఇసుక వేడెక్కి ఎండమావి లేస్తుంది. బైనాక్యులర్‌లో అన్నీ నీళ్ళ అడుగున ఉన్నట్టు ఊగుతాయి, ఎంత మంచి కటకమైనా దానికి మందు లేదు.

సూర్యుడు వీపు వెనక ఉండాలి. పొద్దున్నయితే తూర్పు గట్టున నిలబడి పడమటికి చూడండి. ఎదురెండలో చూస్తే కొంగా నీటికాకీ అన్నీ నల్లటి బొమ్మలే.

పిల్లల్ని ఏడుగురు చొప్పున రెండు జట్లు చేసి, జట్టుకీ జట్టుకీ 200 మీటర్ల ఎడం పెట్టండి. నడక తక్కువ, నిలబడటం ఎక్కువ. ఒక చోట 15 నిమిషాలు కదలకుండా ఉంటే, మొదటి ఐదు నిమిషాల్లో ఎగిరిపోయినవి కూడా మళ్ళీ వచ్చి వాలతాయి. చూపించే పద్ధతి గడియారంతో: "ఎదురుగా ఒంటి తాడిచెట్టు, దాని తలకాయకి 2 గంటల వైపు, రెండు బారల దూరంలో". ముందు గురుతు, తర్వాత గంట, తర్వాత దూరం. ఈ వరస తప్పకూడదు. చెయ్యెత్తి చూపిస్తే ఆ కదలికకే సగం పిట్టలు లేస్తాయి. ముదురు ఆకుపచ్చ, మట్టిరంగు బట్టలు వేసుకురమ్మనండి. తెల్ల యూనిఫాం షర్టులు వద్దు.

మార్చిలో నాగావళి పాయలుగా చీలి ఇసుక తేలుతుంది. ఆ ఒడ్డు కోతల్లో పసిరిక పిట్టలు (పచ్చగా, సన్నగా, తోక మధ్యలో సూది ఉన్నవి) బొరియలు తవ్వుతాయి. ఒక్కో బొరియ మీటరు లోతు దాకా పోతుంది. పిల్లలకి ఇక్కడ ఒక సంగతి దగ్గరగా చూపించండి. పిట్ట నోట్లో తూనీగని పట్టుకుని తీగ మీద కూర్చుంటుంది, రెక్కలు రాలేలా తీగకేసి కొడుతుంది, అయినా మింగదు. బొరియలోకీ పోదు. మెడ అటూ ఇటూ తిప్పుతూ మనల్నే చూస్తుంది. మనం నిలబడ్డ చోటు నుంచి బొరియ మనకి కనపడుతోందని దానికి తెలుసు. మన దేశపు పరిశోధకులే దీని మీద పరీక్షలు చేసి 2002లో ప్రచురించారు: మనిషి దగ్గర్లో ఉన్నా, ఆ చోటు నుంచి బొరియ కనపడకపోతే పిట్ట లోపలికి పోతుంది, కనపడితే ఆగిపోతుంది. కాబట్టి నోట్లో మేత పెట్టుకున్న పిట్ట రెండు నిమిషాలు దాటి కూర్చుంటే తప్పు మనది. పదడుగులు పక్కకి జరిగి, బొరియ కనపడని చోట నిలబడండి. అది లోపలికి వెళ్ళి రావడం పిల్లలు చూస్తారు, లోపలి కూనలకి మేతా అందుతుంది.

గులకరాళ్ళ మేటల మీద మాత్రం అడుగు పెట్టనివ్వకండి. చితవ పిట్ట (కంటి ముందు ఎర్రటి తోలు, పసుపు కాళ్ళు, మనిషి కనపడితే అరిచి గోల చేసేది) మార్చి నుంచి అక్కడే గుడ్లు పెడుతుంది. గూడంటూ ఉండదు, చిన్న గుంట, చుట్టూ రాళ్ళు, సాధారణంగా నాలుగు గుడ్లు, అచ్చం రాళ్ళలాగే. కాలి కింద పడ్డాక గానీ తెలియదు. తొక్కకపోయినా నష్టమే. తల్లి లేచిపోతే గుడ్ల మీద సూటిగా ఎండ పడుతుంది. ఆ వేడికి అది పొట్ట ఈకలు నీళ్ళలో తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది, అంత జాగ్రత్త అవసరమైన పని అది. పిట్ట అరుస్తూ మీ తల చుట్టూ తిరుగుతోందంటే వచ్చిన దారినే వెనక్కి వెళ్ళండి.

రెండో ఆదివారం నడక కూడా వద్దు. పూసిన బూరుగు చెట్టు ఒకటి చూసుకుని 25 అడుగుల దూరంలో 45 నిమిషాలు కూర్చోబెట్టండి. బూరుగు పువ్వు దొప్పలా ఉంటుంది, అడుగున తేనె నిలుస్తుంది. గోరింకలు, పిగిలి పిట్టలు, రామచిలుకలు, ఏట్రింతలు (తోక చీలిన నల్ల పిట్టలు), తేనెపిట్టలు, చివరికి కాకులు కూడా దానికోసం వస్తాయి. ఒంటికి గులాబీ, తలకి నలుపు ఉన్న గోరింకల గుంపు దిగితే అవి మనూరివి కావు, చలికాలానికి వచ్చి ఏప్రిల్ చివరికల్లా మధ్య ఆసియా వైపు వెళ్ళిపోయేవి. బూరుగు రాలిపోతే మోదుగ చూసుకోండి. పిట్టలు చెట్టుకే వస్తాయి కాబట్టి 14 మందికీ ఓపిగ్గా చూపించొచ్చు. మీరడిగిన ఇబ్బందికి ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు.

తంపర_తీరం

మాస్టారూ, రెండూ ఒకే రోజు వద్దు, మార్చిలో తేలుకుంచి అసలే వద్దు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చేవి చిల్లుముక్కు కొంగలు, పైముక్కుకీ కిందిముక్కుకీ మధ్య సందు ఉంటుంది, నత్తల్ని తింటాయి. అవి జూన్‌లో వానలతో వచ్చి గూళ్ళు కట్టి, పిల్లలు ఎగిరాక చలికాలం మొదట్లో సర్దుకుంటాయి. ఇప్పుడు వెళ్తే ఖాళీ చెట్లు చూసి రావాలి. చాలామంది "వలస పక్షుల కేంద్రం" అన్న ఒక్క మాట విని రెంటినీ ఒకే కాలానికి ముడేస్తారు. ఆ నడక జులై, ఆగస్టుకి పెట్టుకోండి.

తేలినీలాపురం దీనికి తలకిందులు. టెక్కలి మండలం, శ్రీకాకుళం నుంచి హైవే మీద 60 కిలోమీటర్ల పైన. అక్కడ గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు (పెయింటెడ్ స్టార్క్‌లు). సెప్టెంబర్, అక్టోబర్‌లలో వచ్చి గూళ్ళు పెడతాయి, మార్చి నుంచి ఖాళీ అవుతూ ఏప్రిల్‌కి వెళ్ళిపోతాయి. అందుకని మీ రోజంతా ఉండే ఆదివారం మొదటిదే పెట్టుకోండి, నాలుగోది కాదు. నాగావళి_గట్టు గారు ముందు ఊళ్ళో నేర్చుకోమన్నది మంచి మాటే, కానీ పిట్టలు మన కోసం ఆగవు. వీలైతే ఫిబ్రవరి చివరి ఆదివారమే నాగావళి నడక పెట్టేసి, మార్చి మొదటి ఆదివారం తేలినీలాపురం.

పెలికాన్ గుడ్డు పొదగడానికి నెల, కూన ఎగరడానికి మరో నాలుగు నెలలు పడుతుంది. అందుకే మార్చి మొదట్లో గూళ్ళలో ఉన్నవి తల్లంత కూనలు. మేత పెట్టడం తప్పకుండా చూపించండి. కూన తలా మెడా మొత్తం తల్లి గొంతుసంచిలోకి దూర్చేస్తుంది, బయట రెక్కలు మాత్రం కొట్టుకుంటూ కనిపిస్తాయి. తల్లి మింగేస్తోందని చిన్నపిల్లలు భయపడతారు, ముందే చెప్పి ఉంచండి. సంచిలో సగం అరిగిన చేపని అది తింటోందంతే. పై ముక్కు అంచున వరసగా నీలిచుక్కలు ఉంటాయి, వాటితోనే దీన్ని చుక్కల గూడబాతు అంటారు. ఎర్రకాళ్ళ కొంగల్లో గులాబీ ఈకలు పెద్దవాటికే. మాసిన బూడిదరంగులో ఉన్నవి వేరే జాతి కాదు, అవి ఈ ఏటి పిల్లలు. నోట్‌బుక్కుల్లో "కొత్త కొంగ" అని రాసేది ఎక్కువగా వీటినే.

గూళ్ళున్నది ఊళ్ళోని చెట్ల మీద, ఇళ్ళ మధ్య. ఆ ఊరివాళ్ళు ఏళ్ళతరబడి ఆ పక్షుల్ని ఇంటి పిల్లల్లా చూసుకున్నారు, అవి వస్తే ఊరికి మంచిదని నమ్ముతారు. ఆ మర్యాద మనమూ పాటించాలి. వాచ్ టవర్ మీదికి ఒకేసారి ఐదారుగురే ఎక్కండి. చెట్టు కింద నిలబడొద్దు, బస్సు పెట్టొద్దు: రెట్ట పడటం ఒక కారణం, కింద జనం చేరితే తల్లి లేచిపోవడం అసలు కారణం. తల్లి లేచిన గూటి మీదికి కాకీ గద్దా వెంటనే దిగుతాయి. కూనలు బెదిరి అంచుకి జరిగి కింద పడతాయి. విజిల్, స్పీకరు, డ్రోను ఏదీ వద్దు. 2022 మొదట్లో అక్కడ నులిపురుగులు సోకి పెలికాన్లు చాలా చనిపోయాయి, కాబట్టి కింద పడిన పక్షినీ, రెట్టనీ, ఈకనీ పిల్లలు ముట్టుకోకుండా చూడండి. తినేముందు సబ్బుతో చేతులు కడిగించండి.

గూటి దగ్గర సందడి 6 నుంచి 9 దాకా, మళ్ళీ 4 తర్వాత. మధ్యలో ఎండ వేడికి గాలి పైకి లేచాక పెలికాన్లు దాని మీద చుట్లు తిరుగుతూ ఎత్తుకి పోయి మేతకి సాగుతాయి. అది 9:30 ప్రాంతంలో తలెత్తి చూడాల్సిన దృశ్యం. రెక్క ఆడించకుండా నలభై యాభై ఒకే సుడిలో లేస్తాయి.

తిరుగుప్రయాణంలో నౌపడ ఉప్పు మడుల దగ్గర ఒక గంట ఆపండి, ఎర్రటి పొడుగుకాళ్ళ పిట్టలు, ఉలంకులు (నీటి ఒడ్డున బురదలో మేసే చిన్న పిట్టలు), సముద్రపు పావురాలు ఉంటాయి. మడుల గట్లు ఎక్కొద్దు. ఉప్పు పండే కాలం ఇదే, తొక్కి మెత్తబరిచిన మట్టి గట్టు నీరు వదిలేస్తే కూలీల వారం పని పోతుంది. రోడ్డు మీద నుంచే అన్నీ కనిపిస్తాయి. ఏప్రిల్ దాకా ఆగిన ఉలంకుల్లో కొన్ని ఇటుకరంగుకి తిరుగుతాయి, సైబీరియాలో గూడు కట్టే వేషం ఇక్కడే వేసుకుని బయల్దేరతాయి.

కటకం

బైనాక్యులర్ గురించి. రెండోది 8×42 కొనండి. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా కనపడుతుందో, రెండోది ముందు కటకం వెడల్పు మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంట్లోకి వచ్చే వెలుగు వలయం: 8×42కి 5.25, 10×50కి 5. వెలుగులో తేడా లేదు. తేడా అంతా చేతి వణుకులో. పది రెట్లు పెరిగేది పిట్ట ఒక్కటే కాదు, వణుకు కూడా. పైగా 10×50 బరువు, పదమూడేళ్ళ పిల్ల రెండు నిమిషాలు నిలకడగా పట్టుకోలేదు. చూపు వెడల్పు కూడా తక్కువ, కొమ్మ దొరికేలోపు పిట్ట పోతుంది. ఉన్న 10×50ని స్టాండు మీద పెట్టి గూళ్ళ దగ్గర వాడండి, అక్కడ అది బంగారం. 20 రెట్లు, 30 రెట్లు అని రాసిన చవక రకాలు కొనొద్దు.

కొన్నాక సర్దే వరస ఇది. కళ్ళద్దాలున్న పిల్లలు కంటి కప్పులు లోపలికి తిప్పాలి, లేనివాళ్ళు బయటికి. రెండు గొట్టాల్ని దగ్గరికి మడిచి రెండు వలయాలు ఒకే గుండ్రం అయ్యేదాకా తేవాలి. చిన్నపిల్లల కళ్ళ ఎడం తక్కువ, కొన్ని రకాలు అంత దగ్గరికి మడవవు, కొట్లోనే పిల్లల చేత చూపించి కొనండి. తర్వాత కుడి ముందు కటకాన్ని అరచేత్తో మూసి, ఎడమ కంటితో దూరంగా ఉన్న బోర్డు మీద అక్షరాలు చూస్తూ మధ్య చక్రం తిప్పి స్పష్టం చేయాలి. ఇప్పుడు ఎడమది మూసి, మధ్య చక్రం ముట్టకుండా, కుడి కంటి దగ్గరి రింగు తిప్పి అదే అక్షరాలు స్పష్టం చేయాలి. ఆ రింగు గీత ఎక్కడ ఆగిందో పిల్ల పేరు పక్కన రాసి ఉంచండి, చేతులు మారినప్పుడు ఐదు సెకన్లలో సర్దుకోవచ్చు. "నాకు మసకగా ఉంది" అనే గోలంతా ఈ రింగు వల్లే.

పిట్టని పట్టే పద్ధతి: కళ్ళు పిట్ట మీద నుంచి తియ్యకూడదు, తల దించకూడదు. చూపు అక్కడే ఉంచి బైనాక్యులర్‌ని కళ్ళ దగ్గరికి తేవాలి. గోడ మీద నాణెం అంటించి ఇంట్లో పదిసార్లు చేయించండి, ఆదివారం ఇబ్బంది ఉండదు.

14 మందికి రెండే ఉంటే ఒక్కోదానికి ఏడుగురు. తలా అరనిమిషం అనుకున్నా ఒక చుట్టుకి మూడున్నర నిమిషాలు, ఏ పిట్టా అంతసేపు కూర్చోదు. వేరేచోట అడిగి ఇంకో రెండు సంపాదించండి. మెడతాడు మెడలో పడ్డాకే చేతికి ఇవ్వండి. సూర్యుడి వైపు తిప్పకూడదని ప్రతి ఆదివారం చెప్పండి, ఒక్క క్షణం చాలు కన్ను పోవడానికి.

సముద్రం గాలి తగిలాక కటకాన్ని చొక్కాతో తుడవొద్దు. ఉప్పూ ఇసుకా గీతలు పెడతాయి. ముందు ఊదే బల్బుతో దులిపి, శుభ్రమైన నీటితో తడిపిన మెత్తటి గుడ్డతో అద్ది, తర్వాతే పొడిగుడ్డ. మన తేమకి లోపల బూజు పడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి ఉంచండి, రంగు మారినప్పుడు మార్చండి.

కళింగతీరం

సముద్రం అంటే కళింగపట్నం. వంశధార కలిసే చోటు, టౌన్ నుంచి సుమారు 30 కిలోమీటర్లు. కానీ "ఆదివారం పొద్దున్న" అని ముందే పెట్టుకోకండి, పోటు (సముద్రపు నీరు పైకి ఎక్కడం), పాటు (వెనక్కి తీయడం) చూసి పెట్టుకోండి. పాటు పూర్తిగా తీసినప్పుడు ఉలంకులన్నీ దూరపు బురద మీద పరుచుకుంటాయి, చుక్కల్లా కనపడతాయి. పోటు నిండిపోతే బురదే ఉండదు. పోటు ఎక్కడం మొదలై, నిండడానికి రెండు గంటల ముందు దాకా ఉన్న వేళే మంచిది, నీరు వాటిని మన వైపు తోసుకొస్తుంది.

పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. వారానికి ఇంచుమించు 6 గంటలు. అంటే ఈ ఆదివారం పొద్దున్న 7కి పోటు నిండితే, వచ్చే ఆదివారం అదే వేళకి పాటు. వరసగా రెండు ఆదివారాల్లో ఒకటే మీకు పనికొస్తుంది. విశాఖ పోర్టు పోటు పట్టికలు దొరుకుతాయి, కళింగపట్నానికి అవి చాలు. అమావాస్య, పున్నమిలకి పోటు పెద్దది. ఉగాది అమావాస్య దాటిన మర్నాడే కదా, ఆ రెండు మూడు రోజులు నీరు మామూలు గీత దాటి పైకి వస్తుంది, పిల్లల్ని నదీముఖం ఇసుక తిన్నెల మీదికి పంపకండి. వెనక పాయ నిండిపోతే చుట్టూ నీరే, తిరిగి రాలేరు.

తాబేళ్ళ గురించి పిల్లలు అడుగుతారు. మన తీరంలో ఆలివ్ రిడ్లేలు జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి, ఒక్కో గుంటలో నూరు పైచిలుకు. 45 నుంచి 60 రోజులకి పొదుగుతాయి. పొద్దున్నే వెళ్తే ఇసుక మీద ట్రాక్టరు చక్రం పడినట్టు సుమారు రెండున్నర అడుగుల వెడల్పు జాడ ఉంటుంది, నీళ్ళ నుంచి పైకి, పైనుంచి నీళ్ళకి. ఆ జాడ చూపించండి, గుంట తవ్వొద్దు. పెట్టిన గుడ్డుని తిప్పితే లోపలి పిండం చచ్చిపోతుంది. తాబేలు పిల్లల్ని నీళ్ళలోకి వదిలే చోటికి వెళ్తే ఫోన్ లైట్లు ఆపించండి. పుట్టిన తాబేలు పిల్ల అన్నిటికంటే వెలుతురుగా ఉన్న వైపే పాకుతుంది, సముద్రం మీది ఆకాశం అనుకుని ఫోన్ వైపు వచ్చేస్తుంది. చేతుల్లోకి తీసుకుని నీళ్ళలో వేయడం కూడా వద్దు, ఇసుక మీద దాన్ని నడవనివ్వాలి.

వంశధార_బడి

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. తేలినీలాపురం మొదటి ఆదివారానికి మార్చాం, నాగావళి నడక ఫిబ్రవరి ఆఖరికి తెచ్చాం, పోటు పట్టిక చూసి కళింగపట్నం పెడతాం. నాలుగోదానికి ఉద్దానంలో తెలిసినవాళ్ళ జీడితోట ఉంది, పొద్దున్నే రమ్మన్నారు. అక్కడ పాలపిట్టలు, వంగపండు పిట్టలు బాగుంటాయట. ఇంకోటి, తెల్ల కొంగలన్నీ ఒకేలా ఉన్నాయని పిల్లలు పేరు రాయకుండా వదిలేస్తున్నారు. నోట్‌బుక్కులో ఏం రాయించాలో కూడా చెప్పండి.

తంపర_తీరం

జీడితోటకి తెల్లారగట్ల వద్దు, దయచేసి. మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి వైపు ఎలుగుబంట్లు తిరుగుతాయి. మార్చి నుంచి మే దాకా జీడిపండు, తర్వాత పనస, ఆ వాసనకే తోటల్లోకి దిగుతాయి. అవి తిరిగేది సందెవేళ నుంచి తెల్లవారుజాము దాకా, సరిగ్గా పిట్టలు చూసే వేళలోనే. ఎలుగుకి చూపూ వినికిడీ అంతంతే, వాసన పట్టడమే ఎక్కువ. నిశ్శబ్దంగా నడిచే గుంపు ఎదురుపడితే పారిపోదు, బెదిరి మీద పడుతుంది. పిట్టల కోసం గుసగుసలాడుతూ నడవడం అక్కడ ప్రమాదం. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు మనుషుల మీద పడిన సంగతి ఆ వైపు అందరికీ గుర్తే. సీతంపేట, పాలకొండ వైపు కూడా ఏనుగుల కబురు కనుక్కోకుండా వెళ్ళకండి.

వెళ్ళక తప్పకపోతే పొద్దు బాగా ఎక్కాక 8 తర్వాత, తోటవాళ్ళు ముందు నడవగా, పొదల్లేని దారిన. పాలపిట్టలకి అంతదూరం అక్కర్లేదు. ఊరి చివర కరెంటు తీగలు చూడండి, మార్చిలో మగది ఎత్తుకి ఎగిరి అరుస్తూ పల్టీలు కొడుతూ కిందికి పడుతుంది, రెక్కల్లోని నీలం అప్పుడే మొత్తం కనిపిస్తుంది.

నాగావళి_గట్టు

తెల్ల కొంగలకి మూడు చోట్లు చూడమనండి: ముక్కు, కాళ్ళు, నోటిచీలిక.

ముక్కు నలుపు, కాళ్ళు నలుపు, పాదాలు మాత్రం పసుపు: చిన్న తెల్లకొంగ. బురదలో నిలబడితే పాదం కనపడదు, ఎగిరేటప్పుడు చూడాలి. ఈ రోజుల్లో తల వెనక రెండు పొడుగు ఈకలు జారుతుంటాయి. అన్నిటికంటే పెద్దది, మెడలో గట్టి మెలిక, నోటిచీలిక కంటిని దాటి వెనక్కి పోతే పెద్ద తెల్లకొంగ. దాని ముక్కు మామూలుగా పసుపు, గూడు కట్టే కాలంలో నల్లబడుతుంది, అందుకే ముక్కు రంగొక్కటే నమ్మొద్దు. నోటిచీలిక కంటి కిందే ఆగిపోతే మధ్యరకం. పొట్టి పసుపు ముక్కుతో గేదెల వెంట తిరిగేది నాలుగోది, ఎండలు ముదిరేకొద్దీ దాని తలా మెడా నారింజరంగుకి వస్తాయి. మార్చిలో ఒకే గుంపులో సగం తెల్లవి, సగం రంగెక్కినవి ఉంటాయి, రెండు జాతులుగా లెక్కపెట్టొద్దు. గుడ్డికొంగ కూడా ఇప్పుడే వేషం మారుస్తుంది, వీపు ముదురు ఎరుపు. నిన్నటిదాకా మట్టిరంగులో ఉన్నది ఇదేనని పిల్లలు నమ్మరు.

నోట్‌బుక్కులో పైన తేదీ, చోటు, మొదలుపెట్టిన టైము, ఆపిన టైము, నడిచిన దూరం, ఎంతమంది, మబ్బా ఎండా. కింద పిట్ట పేరు, ఎన్ని, ఏం చేస్తోంది. "చాలా ఉన్నాయి" అని రాయనివ్వకండి. గుంపుని లెక్కపెట్టడానికి ముందు పదింటిని వేళ్ళతో లెక్కించి, ఆ పది ఎంత చోటు పట్టాయో చూసి, అలాంటి చోట్లు గుంపులో ఎన్నో లెక్కపెట్టాలి. పేరు తెలియకపోతే బొమ్మ వేయించండి, ఫోను చూసి పేరు పెట్టేయడం కంటే అదే మేలు. మెర్లిన్ యాప్ గొంతు విని పేరు చెబుతుంది, ఇండియా ప్యాక్ ముందే దించుకుంటే సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. కానీ ఏట్రింత వేరే పిట్టల గొంతులు అనుకరిస్తుంది, యాప్ మోసపోతుంది. చెవికి వినపడ్డది కంటికి కనపడితేనే రాయమనండి. ఆ ఫోనుతోనే పిట్ట కూత వినిపించి రప్పించడం మాత్రం గూళ్ళ కాలంలో ఎప్పుడూ చేయొద్దు. శత్రువు వచ్చాడనుకుని గూడు వదిలి వచ్చేస్తుంది.

ఈబర్డ్‌లో (పక్షులు చూసినవాళ్ళు తమ చిట్టాలు పెట్టే వెబ్‌సైట్) ఎక్కించేట్టయితే చూసిన ప్రతి జాతీ రాయాలి, నచ్చినవి మాత్రమే కాదు. కాకిని వదిలేస్తే ఆ చిట్టా లెక్కకి పనికిరాదు. గూళ్ళున్న కచ్చితమైన చోటు, ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

కటకం

ఒకటి మిగిలింది, మార్చి, ఏప్రిల్‌లలో తప్పక ఎదురయ్యేది: నేల మీద పిట్ట పిల్ల. ఒంటినిండా ఈకలుండి, తోక పొట్టిగా, గెంతుతూ ఉంటే అది ఎగరడం నేర్చుకుంటోంది, తల్లీ తండ్రీ దగ్గర్లోనే మేతతో ఉంటాయి. కుక్కా పిల్లీ ఉంటే దగ్గరి పొదలో పెట్టి దూరం జరగండి. ఇంటికి తేవొద్దు. ఈకలు రాని గులాబీ కూన అయితే గూడు అందితే అందులోనే పెట్టండి. మనిషి ముట్టిన వాసనకి తల్లి వదిలేస్తుందన్నది నిజం కాదు. దేనికీ నోట్లో నీళ్ళు పోయకండి, నాలుక వెనకే గాలిగొట్టం తెరుచుకుని ఉంటుంది, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

పెలికాన్, కొంగ లాంటి పెద్ద కూన అయితే చెయ్యి వేయకుండా అటవీశాఖవాళ్ళకి చెప్పండి. వాళ్ళు వచ్చేదాకా పిల్లల్ని పది మీటర్లు వెనక్కి జరిపి, మీరు ఎండకి అడ్డంగా గుడ్డ పట్టుకుని నిలబడితే చాలు.